పాలికల్లో మొలవని వడ్లు

వాన గదిలో వాన ఇంకా కురుస్తూనే ఉంది. పైకప్పుకు బిగించిన గొట్టాల నుంచి సన్నటి జల్లు, గోడలకున్న ఫ్యాన్ల నుంచి విసురుగాలి. కింద సిమెంటు గట్టు మీద రెండు వరి కుప్పలు పక్కపక్కనే నానుతున్నాయి. అద్దం ఇవతల కోటిలంక నుంచి వచ్చిన రైతులు నుదుళ్ళు అద్దానికి ఆనించి చూస్తున్నారు.

"ఎడమవైపు కుప్ప చూడండి" అంది డాక్టర్ హన్విక. ఆ పరిశోధన కేంద్రంలో వాన గది ఆమెదే.

ఎడమవైపు కంకుల నిండా తెల్లటి మొలకలు, మాసిన గడ్డంలా లేచి ఉన్నాయి. కుడివైపు కుప్ప కూడా అంతే తడిసింది. కానీ అందులో ఒక్క గింజ కూడా ముక్కు పగల్లేదు.

"ఆ పక్క దానికి నీళ్ళు తక్కువ పోశారేమోనండీ" అన్నాడు రోహిత్ తాతగారు.

"నువ్వెళ్ళి ఆ పక్కన కాసేపు నిలబడి రా అన్నయ్యా. నువ్వు తడవకపోతే అప్పుడు అడుగుదాం" అంది స్రవంతి మామ్మ.

అందరూ నవ్వారు. రోహిత్ తాతగారు కూడా నవ్వి, చెప్పులు విప్పి నిజంగానే లోపలికి వెళ్ళి, కుడివైపు కంకులు దూసి, తడి బట్టలతో బయటికొచ్చాడు. అరచేతిలో గింజలు బంగారంలా ఉన్నాయి.

స్రవంతి, రోహిత్ అనేవి ముసలివాళ్ళ పేర్లుగా మిగిలిన కాలం అది. సముద్రం డెల్టాలోకి ఇంకొంచెం జరిగింది. కాలవల్లో నీళ్ళు ఉప్పెక్కాయి. తుఫాను ఏదో ఒక ఏడాది కాకుండా ప్రతి ఏడాదీ, సరిగ్గా కోతలు కోసి వరి పనలు ఇంకా చేలో ఆరుతున్నప్పుడే వస్తోంది. కోటిలంకలో పండేది ఒకటే వరి, దాని పేరు ఉప్పుసన్నం. ఆ రకం ఏ కొట్టులోనూ దొరకదు. ఎవరి పంటలోంచి వాళ్ళు మేలైన కంకులు ఏరి మరుసటి ఏడాదికి విత్తనం దాచుకోవాలి. వేరే వరి వేస్తే ఆ ఉప్పునేలలో నారుమడిలోనే మాడిపోతుంది.

తడిసిన పన మొలకెత్తితే ఏమవుతుందో రైతుకు తెలుసు. ఎందుకవుతుందో ఇక్కడ చెప్పుకోవాలి. వడ్లగింజ ముక్కు దగ్గర, సూదిమొనంత చోటులో, పిండం పడుకొని ఉంటుంది. మిగతా గింజంతా దానికి తల్లిమొక్క కట్టి ఇచ్చిన అన్నం మూట. ఆ మూటలో ఉన్నది పిండిపదార్థం, అంటే స్టార్చ్. చక్కెర కణాలను గొలుసులుగా గుచ్చి, చుట్టలు చుట్టి పెట్టినట్టుంటుంది. అలా ఉంటే చెడిపోదు, ఏళ్ళు నిలుస్తుంది. కానీ పిండం దాన్ని అలాగే తినలేదు. పాలు తాగే బిడ్డకు బియ్యం బస్తా ఇస్తే ఏం లాభం?

నీళ్ళు తగలగానే పిండం మేలుకొని జిబ్బరెలిన్ అనే హార్మోన్‌ను బయటికి పంపుతుంది. మూట చుట్టూ అల్యూరోన్ అనే పలుచని పొర ఒకటి ఉంది. కబురు అందగానే ఆ పొర అమైలేజ్ అనే ఎంజైమ్‌ను తయారు చేస్తుంది. అమైలేజ్ కత్తెరలాంటిది. స్టార్చ్ గొలుసులను తెంపుతూ పోతుంది. చివరికి చక్కెర మిగులుతుంది. పిండం ఆ చక్కెరను తిని, కొంత మండించి శక్తి తెచ్చుకొని, మిగతాదానితో వేరూ మొలకా కట్టుకుంటుంది. మొలకెత్తిన గింజను నమిలితే తియ్యగా ఉండేది అందుకే. విత్తనానికి అది పండగ. అమ్ముకోవాల్సిన ధాన్యానికి మాత్రం చావు. ఆ బియ్యం మిల్లులో నూకైపోతుంది, వండితే జిగురైపోతుంది.

హన్విక చేసిన యంత్రం ఆ కబురును ఆపుతుంది. కోసిన పనను ఒక సొరంగంలాంటి పెట్టెలోంచి పంపిస్తే, కంటికి కనిపించీ కనిపించని ముదురెరుపు కాంతి గింజ మీద పడుతుంది. దాంతో పిండం జిబ్బరెలిన్ చేయడం మరిచిపోతుంది. పిండి పిండిగానే ఉంటుంది. ఎంత వాన కురిసినా గింజ నిద్రలేవదు.

దానికి హన్విక పెద్ద ఇంగ్లీషు పేరు పెట్టింది. కోటిలంక ఆడవాళ్ళు జోల మిషన్ అన్నారు. ఆ పేరే నిలిచింది.

మిషన్‌ను ఊళ్ళోకి తెచ్చింది స్రవంతి మామ్మే. "గింజను నిద్రపుచ్చడమేమిటి, విడ్డూరం కాకపోతే" అన్న వాళ్ళందరి ఇళ్ళకూ తిరిగి ఒప్పించింది. ఆ కార్తీకంలో తుఫాను రానే వచ్చింది. పనలు నీళ్ళలో తేలాయి. నీళ్ళు తగ్గాక ఎండబెట్టి నూర్చుకుంటే ఒక్క గింజ కూడా మొలకెత్తలేదు. ఊరంతా స్రవంతి మామ్మ వాకిట్లోకొచ్చి కాఫీలు తాగి వెళ్ళింది.

తేమకు ఇంట్లో డబ్బాల్లోని పెసలు కూడా మొలకలొస్తున్నాయని, ఆడవాళ్ళు పెసలూ మినుములూ శనగలూ నువ్వులూ అన్నీ తెచ్చి మిషన్‌లో పోయించుకున్నారు. మిషన్‌లోకి వెళ్ళని గింజ ఏ ఇంట్లోనూ మిగల్లేదు.

వేసవిలో స్రవంతి మామ్మ మనవరాలు మోక్షితకు పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు రిత్విక్‌ది అనంతపురం అవతల రాళ్ళదిన్నె. తుఫాను అంటే టీవీలో చూడడమే తప్ప ఎరగని మెట్ట ఊరు. అక్కడ జోల మిషన్ లేదు, దాని అవసరమూ లేదు. పిల్లలిద్దరూ ఇష్టపడ్డారు గనక మామ్మ కాదనలేదు. అలాగని అవునని కూడా గట్టిగా అనలేదు.

ప్రధానం రోజున పాలికల దగ్గర గొడవ వచ్చింది. పాలికలంటే చిన్న మట్టి మూకుళ్ళు. వాటిలో పుట్టమన్ను వేసి, నవధాన్యాలు చల్లి, ముత్తయిదువలు పాలూ నీళ్ళూ పోస్తారు. పెళ్ళినాటికి అవి పచ్చగా మొలవాలి. కొత్త కాపురం అలా మొలకెత్తాలని అర్థం.

"గింజలు మా ఇంటివే పడాలి వదినగారూ. మా వైపు అదే ఆనవాయితీ" అంది స్రవంతి మామ్మ.

పెళ్ళికొడుకు నానమ్మ శ్వేతమ్మ అప్పటికే చీరచెంగులోని మూట విప్పుతోంది. "మా తట్టు అట్ల లేదొదినా. రెండిండ్ల గింజలూ ఒకే పాలికలో పడాల. మేం వడ్లు పండియ్యం గానీ, ఉలవలు, కందులు, అలసందలు తెచ్చినా."

"మీ ఉలవల్లో పురుగు కనబడుతోందండీ."

"పురుగు తింటాందంటే గింజ బాగున్నట్లే కదా. మీ గింజను పురుగు గూడా ముట్టలేదే, ఏమైంది దానికి?"

స్రవంతి మామ్మకు ముఖం ఎర్రబడింది. పక్కనున్న ఆడవాళ్ళు చీర కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. భోజనాల వేళ దాటిపోతోందని పురోహితుడు మధ్యలో పడి, మూడు పాలికల్లో ఆడపెళ్ళివారి గింజలు మాత్రమే, రెండింట్లో ఇద్దరివీ కలిపి వేయించాడు. ఎవరికీ సంతోషం కలగలేదు. అందరూ అన్నాలకు లేచారు.

పెళ్ళికూతుర్ని చేసే రోజు ఉదయం మోక్షిత తల్లి పాలికల మీది మూత గుడ్డ తీసి, అలాగే నిలబడిపోయింది.

మూడు పాలికల్లో వేసిన గింజలు వేసినట్టే ఉన్నాయి. తడిసి ఉబ్బాయి, అంతే. కలిపి వేసిన రెండింట్లో ఉలవలు, కందులు, అలసందలు మాత్రం తలలెత్తాయి. అన్నీ రాళ్ళదిన్నె గింజలే.

"అపశకునం" అని ఎవరో గొణిగారు. పెళ్ళికూతురు ఏడుపు మొహం పెట్టింది. స్రవంతి మామ్మ "మన్ను బాగోలేదు" అంది. "పాలు ఎక్కువ పోశారు" అంది.

రోహిత్ తాతగారు ముందుకొచ్చి పాలికలోంచి ఒక వడ్లగింజ తీసి గోటితో నొక్కాడు. "శకునం సంగతి తర్వాత చూద్దాం చెల్లెమ్మా. ఇందులో వేసింది ఏ వడ్లు?"

"విత్తనం బస్తాలోవే. పెళ్ళికి తక్కువరకం వేస్తానా?"

"ఆ బస్తా మిషన్‌లోకి వెళ్ళిందా?"

ఊళ్ళో విత్తనాల బస్తాలన్నీ మిషన్‌లోకి వెళ్ళాయి. అందరికంటే ముందు అవే వెళ్ళాయి. ఇంటింటికీ తిరిగి, తుఫాను రాకముందే విత్తనం పెట్టేయండర్రా అని చెప్పింది మామ్మే. తొలకరి ఇంకెంతో దూరంలో లేదు.

పెళ్ళికి పిలుపు అందుకున్న హన్విక ఒక రోజు ముందే వచ్చేసింది. వచ్చేసరికి పందిరి కింద పెళ్ళివారు తక్కువ, రైతులు ఎక్కువ ఉన్నారు.

"విత్తనాలు కూడా పెట్టారా?" అంది హన్విక. ఆమె ముఖంలో రంగు పోయింది. "అమ్ముకునే ధాన్యానికి కదా మామ్మగారూ అది!"

"విత్తనం పెట్టొద్దని నువ్వు చెప్పలేదమ్మా."

"అది చెప్పాలా? విత్తనం మొలవాలి కదా!"

"ఇంటికి నిప్పంటుకుంటే ముందు ఎవర్ని బయటికి తెస్తావు? ఉయ్యాల్లో పిల్లని. బీరువా సంగతి తర్వాత. అందరికంటే అపురూపమైనది ఏదో అదే ముందు నీ చేతుల్లో పెట్టాం."

హన్విక కుర్చీలో కూలబడింది. "తాళం చేశాను మామ్మగారూ. తాళంచెవి చేయాలన్న ఆలోచనే రాలేదు" అంది.

"ఇప్పుడు చెయ్యి."

"చేస్తాను. ఏడాదో, రెండేళ్ళో పడుతుంది."

"అంతదాకా ఏం తిని బతకమంటారండీ?" అని వెనక నుంచి ఎవరో అరిచారు. ఇంకెవరో మిషన్‌ను కాలవలో తోసేద్దాం రమ్మన్నారు. అది తోసినా విత్తనం లేవదని అందరికీ తెలుసు గనక ఎవరూ కదల్లేదు. స్రవంతి మామ్మ మాత్రం స్తంభానికి ఆనుకొని, చేతిలో పసుపు గిన్నె పెట్టుకొని అలాగే ఉంది. ఒప్పించింది తను. ఈ ఊళ్ళో ఇక ఉప్పుసన్నం ఉండదంటే, ఆ పని తన చేతులమీదుగా జరిగింది.

హన్విక లేచింది. పెళ్ళివారి మందుల పెట్టెలోంచి టింక్చర్ అయోడిన్ సీసా, తాంబూలం పళ్ళెంలోంచి అడకత్తెర తెమ్మంది. ఊరికే ఏడవడం కంటే ఏదో ఒకటి చూడడం నయమనిపించి ఆ పని మొదలుపెట్టింది, అంతే. అయోడిన్ స్టార్చ్‌కు తగిలితే నల్లనీలం రంగు వస్తుంది. చక్కెరకు రాదు. గింజ నిద్రలో ఉందో లేదో దాంతో తెలుస్తుంది.

మొదటి పాలికలోంచి వడ్లగింజ తీసి, అడకత్తెరతో నిలువునా చీల్చి, చుక్క వేసింది. గింజ మొత్తం నల్లబడింది. రెండో పాలికలోదీ అంతే, మూడోదీ అంతే. అన్నం మూట ముడి విప్పలేదు.

నాలుగోది ఇద్దరి గింజలూ కలిపిన పాలిక. ఉలవ మొలకల వేళ్ళ మధ్య ఇరుక్కున్న వడ్లగింజను తీసింది. అదీ మొలకెత్తలేదు. చీల్చి, చుక్క వేసింది.

గింజ నల్లబడింది. కానీ ముక్కు దగ్గర, పిండాన్ని ఆనుకొని, సన్నటి నెలవంకంత చోటు తెల్లగా ఉండిపోయింది.

హన్విక ఇంకొకటి చీల్చింది. మరొకటి చీల్చింది. ఐదో పాలికలోంచి గుప్పెడు తీసింది. చీల్చిన ప్రతి గింజలోనూ ఆ తెల్లటి నెలవంక ఉంది.

"ఈ వడ్లు ఎవరివి?" అంది.

"మావే. మెట్టవాళ్ళకు వడ్లెక్కడివి?" అంది మామ్మ.

"అయితే మీ వడ్లు లేస్తున్నాయి మామ్మగారూ! ఇక్కడ పిండి చక్కెరైపోయింది, అందుకే రంగు పట్టలేదు. అమైలేజ్ పని మొదలెట్టింది."

"నిద్రలో ఉన్నాయన్నావు కదా?"

"వీటి పిండం కబురు పంపలేదు. పక్కనున్న ఉలవలు పంపాయి. ఉలవలు మొలకెత్తేటప్పుడు వాటిలోంచి జిబ్బరెలిన్ కొంత తడిలోకి దిగింది. ఆ తడే వడ్లూ తాగాయి. వడ్ల పొరకు కబురు అందడమే కావాలి, ఎవరు పంపారో అక్కర్లేదు." హన్విక అటూ ఇటూ చూసింది. "ఇంకా ఉలవలు కావాలి. మిషన్ ముట్టనివి. ఎన్ని ఉంటే అన్ని."

అందరూ స్రవంతి మామ్మ వైపు చూశారు. ఆ ఇంట్లో ఎప్పుడూ ఎవరినీ విత్తనం అడిగింది లేదు. అది ఊరందరికీ తెలుసు, ఎందుకంటే మామ్మే ఊరందరికీ చెప్పేది.

విడిది ఇంటి అరుగు మీద శ్వేతమ్మ తల దువ్వుకుంటోంది.

"వదినగారూ" అంది మామ్మ. "ఉలవలు ఇంకా ఉన్నాయా?"

"ఏవి? పురుగుండేవా?"

"ఆ, పురుగుండేవే."

శ్వేతమ్మ దువ్వెన పక్కన పెట్టింది. ఎగతాళి చేస్తుందని మామ్మ తల దించుకుంది. శ్వేతమ్మ మాత్రం లేచి లోపలికెళ్ళి ఒక సంచి లాక్కొచ్చింది. "గుగ్గిళ్ళు చేసుకుందామని తెచ్చినా, మీ ఊరి తిండి మాకు పడదేమోనని. చాలవంటే చెప్పొదినా, ఫోన్ చేస్తా. మా వాళ్ళు లారీ ఎక్కిస్తారు."

"ఎక్కించమనండి" అంది మామ్మ. ఆమె కళ్ళు తుడుచుకోవడం శ్వేతమ్మ చూసింది, చూడనట్టు జడ అల్లుకుంది.

పెళ్ళి జరిగింది. అదే పందిట్లో ఇంకో పని కూడా జరిగింది. ఉలవలు తొట్లలో నానబోశారు. మొలకలు రాగానే రోట్లో కచ్చాపచ్చాగా దంచి, ఆ నీళ్ళలో విత్తనం వడ్లు నానబెట్టారు. తర్వాత గోనెసంచుల్లో నింపి, గడ్డి కప్పి, పైన బరువులు పెట్టి మండె కట్టారు. మండె కట్టడం కోటిలంకకు కొత్త కాదు. ప్రతి ఏడాదీ వడ్లు మొలకెత్తించేది అలాగే. ఈసారి లోపల ఏముందో, బతికిందో లేదో తెలియకుండా కట్టడం మాత్రం కొత్త.

మర్నాడంతా ఎవరూ ఆ సంచుల జోలికి పోలేదు. అప్పగింతలప్పుడు మోక్షిత ఏడుస్తుంటే మామ్మ ఒక కన్ను మనవరాలి మీద, ఒక కన్ను సంచుల మీద వేసింది. ఆ తర్వాతి ఉదయం మామ్మ తన సంచి దగ్గరకెళ్ళి, గడ్డిలోకి చెయ్యి దూర్చింది.

చాలాసేపు అలాగే ఉంచింది.

"ఏమైంది చెల్లెమ్మా?" అన్నాడు రోహిత్ తాతగారు, దూరం నుంచే.

"వెచ్చగా ఉంది అన్నయ్యా." మామ్మ రెండో చెయ్యి కూడా దూర్చింది. మళ్ళీ అంది, "సంచి లోపల వెచ్చగా ఉంది. జ్వరం పిల్ల ఒంటి మీద చెయ్యి వేసినట్టుంది."

హన్విక పరుగెత్తుకొచ్చింది. చక్కెర మండితేనే ఆ వేడి పుడుతుంది. గింజలు ఊపిరి పీలుస్తున్నాయన్నమాట. సంచి మూతి విప్పితే తియ్యటి వాసన గుప్పుమంది. లోపల ఉప్పుసన్నం వడ్లన్నీ ముక్కులు పగిలి, తెల్లటి వేళ్ళు ఒకదానికొకటి పెనవేసుకొని ఉన్నాయి.

ఆ ఏడు కోటిలంక నారుమళ్ళు పచ్చగా లేచాయి.

తర్వాతి ఏళ్ళలో ఏం జరిగిందో చెప్పి కథ ముగించాలి. తుఫానులు ఆగలేదు కాబట్టి జోల మిషన్ కూడా ఆగలేదు. డెల్టాలో ఊరూరా వచ్చింది. విత్తనం ఒక్కటి వదిలేయండని హన్విక ఎంత చెప్పినా, అపురూపమైనదాన్ని వానకు వదిలేయడానికి ఎవరికీ మనసొప్పలేదు. లేపే ఉపాయం తెలిసింది కదా! డెల్టా తేమకు మిషన్ ముట్టని గింజ ఏ ఇంట్లోనూ నిలవదు, అది కావాలంటే మెట్ట ఊళ్ళకు వెళ్ళాలి. ఊరికే వెళ్ళి అడిగితే ఏం మర్యాద? చుట్టరికం ఉండాలి. దాంతో డెల్టాలో ఆడపిల్లలున్నవాళ్ళు, మగపిల్లలున్నవాళ్ళు కూడా మెట్ట సంబంధాల కోసం ఎగబడ్డారు. ఒకప్పుడు నీళ్ళు లేవని ఎవరూ పిల్లనివ్వని ఊళ్ళలో ఇప్పుడు పెళ్ళికొడుకులు బెట్టు చేస్తున్నారు. ప్రభుత్వం రాళ్ళదిన్నెకు జోల మిషన్ ఉచితంగా ఇస్తామంటే, ఊరంతా ఏకమై వెనక్కి పంపించింది.

తొలకరి ముందు ఇప్పుడు కోటిలంకలో పెద్ద సందడి. వియ్యాలవారు ఉలవల సంచులతో దిగుతారు. మండె సంచుల పక్కనే వంటలు, మాటలు, అలకలు, వెక్కిరింపులు. విత్తనం లేచేదాకా ఎవరూ ఊరు కదలరు.

అలాంటి సందడిలోనే హన్విక తాళంచెవి తీసుకొని వచ్చింది. నిజంగానే చేసింది. చేతిలో ఇమిడే ఎర్రదీపం. గింజ మీద కాసేపు చూపిస్తే చాలు, పిండం మరిచిపోయినదాన్ని గుర్తు తెచ్చుకొని తన కబురు తానే పంపుకుంటుంది. ఉలవలు అక్కర్లేదు, లారీలు అక్కర్లేదు.

స్రవంతి మామ్మ దీపాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "చాలా బాగుందమ్మా. వేడి కూడా వస్తోందే" అంది. తీసుకెళ్ళి కోడిపిల్లల గంప మీద వేలాడదీసింది.

"మామ్మగారూ, అది విత్తనాలకు!"

"తెలుసమ్మా. ఇది పెట్టుకుంటే మా వదిన వచ్చే ఏడు దేనికొస్తుంది?"

"నేనా? మీ ఊరి పులుసు తినేకి రావాల్నా యేంది?" అంది శ్వేతమ్మ, రోటి దగ్గర నుంచి. తర్వాత హన్విక వైపు తిరిగింది. "నువ్వు రామ్మా, ఇట్ల కూర్చో. ఇంత చదువుకున్నావు, ఇంకా పెండ్లి కాలేదంట. మా తట్టు మంచి పిల్లోడున్నాడు."

హన్వికకు నవ్వొచ్చింది. అంత పరిశోధన కోడిపిల్లల పాలైందన్న బాధ కూడా ఆ నవ్వులో కొంత కలిసింది. "మా అమ్మతో మాట్లాడండి" అంది సరదాకి.

"మాట్లాడతా. మీ ఊర్లో మిషన్ యేమన్నా ఉందా?"

"మీ తర్వాత మొదటి మిషన్ మా ఊళ్ళోనే పెట్టానండీ."

శ్వేతమ్మ రోకలి దించేసింది. స్రవంతి మామ్మ వైపు చూసింది. ఇద్దరూ కలిసి హన్విక వైపు చూశారు. ఆ ఇద్దరికీ ఒకే మాట తోచడం అదే మొదటిసారి.

"అయ్యో తల్లీ" అంది శ్వేతమ్మ. "అయితే కొంచెం కష్టమే. మిషన్ ఊర్ల సంబంధాలు మా తట్టు ఇప్పటికే వరస కట్టినాయి."